పొరల చెక్క భరిణె, మూతపై కరీంనగర్ వెండి తీగపని: రెండింటినీ జిగురు లేకుండా కలపడం గురించి

గోదారి_కొయ్యపని (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. కొంతకాలంగా చేస్తూ వచ్చిన ఒక గుండ్రని భరిణె ఈ వారం పూర్తయింది. దాని వివరాలు, ఫొటో ఇక్కడ పెడుతూ, అదే నమూనాలో చేయబోయే రెండవ భరిణె గురించి మీ సలహా అడుగుతున్నాను.

వెలుపలి వ్యాసం 110 మి.మీ., మూతతో కలిపి ఎత్తు 68 మి.మీ. గోడను దుంగ తొలిచి చేయలేదు. ఇరుగుడు (నల్లని రోజ్‌వుడ్), అంకుడు (తెల్లని బొమ్మల చెక్క) పట్టీలను 0.6 మి.మీ. మందానికి పలచన చేసి, ఒక నలుపు, ఒక తెలుపు చొప్పున ఏడు పొరలను గుండ్రని అచ్చు చుట్టూ వంచి, ఒకదానిపై ఒకటి అతికించాను. ఒక పొర అతుకు కింది పొర అతుకు మీదికి రాకుండా ప్రతిసారీ పక్కకు జరిపాను. గోడ మందం నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే అయినా చేత్తో నొక్కితే ఏమాత్రం లొంగదు. పై అంచును చదును చేసినప్పుడు నలుపు తెలుపు గీతలు ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలుగా బయటపడతాయి. ఈ భరిణె అందమంతా నా దృష్టిలో అక్కడే ఉంది. వెండి దాని తరువాతిది.

వెండి రెండు చోట్ల ఉంది. గోడ అడుగున 6 మి.మీ. వెడల్పు, 0.8 మి.మీ. మందం గల పట్టీ చుట్టూ తిరుగుతుంది. మూత మధ్యన 80 మి.మీ. వ్యాసం గల తీగపని బిళ్ళ ఉంది. దానిని కరీంనగర్‌లో చేయించాను. మూత అంచు కూడా గోడలాగే పొరలు చుట్టిన వలయమే. దాని లోపల 100 మి.మీ. పలక 2 మి.మీ. కిందికి దిగి కూర్చుంటుంది, ఆ పల్లంలో బిళ్ళ ఉంటుంది. బిళ్ళ చుట్టూ మిగిలిన నల్లని ఇరుగుడు నేలపైన తీగల అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది. బిళ్ళకు ఎక్కడా జిగురు లేదు. దాని వెనుక నడిమధ్యన టంకం పెట్టిన సన్నని మర మేకు మూత గుండా లోపలికి దిగుతుంది. లోపలి నుంచి నట్టుతో బిగించాను.

ఇప్పుడు నా సందేహాలు. మూత తెరిచినప్పుడు ఆ నట్టు కనబడి చూపు చెడగొడుతోంది. రెండవది, వెండి నల్లబడకుండా పైన పారదర్శకమైన లక్కరు పూత వేయాలా వద్దా అన్నది తేలడం లేదు. తరువాతి భరిణె షికాగోలో ఉన్న మా బంధువుల ఇంటికి వెళ్ళవలసి ఉంది కాబట్టి అక్కడి పొడి గాలిని కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.


చేవకర్ర (నిర్మల్)

పని చాలా శుభ్రంగా వచ్చింది. అయితే మేకు, నట్టు అన్న ఏర్పాటంతా అనవసరమని నాకు అనిపిస్తోంది. చెక్కను పొరలుగా అతికించిన తరువాత అది కదలదు కదా. మేము తలుపులకు ఇత్తడి రేకులు తాపడం చేసేటప్పుడు చిన్న చీలలు కొడతాము, లేదా ఎపాక్సీ జిగురు రాసి నొక్కి ఉంచుతాము. ఏళ్ళ తరబడి ఎండిన టేకు అయితే ఇంకా నిశ్చింత. మీరు కూడా పలుచగా ఎపాక్సీ రాసి బిళ్ళను అతికించి ఉంటే మూత లోపలి భాగం నున్నగా ఉండేది, నట్టు సమస్యే వచ్చేది కాదు.


గోదారి_కొయ్యపని (రాజమహేంద్రవరం)

చేవకర్ర గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ పొరలు అతికించినంత మాత్రాన చెక్క కదలిక ఆగదు. పొరలన్నింటిలో పీచు ఒకే దిశలో ఉంటే, అతికించిన దిమ్మె కూడా ఒంటి పలక ఎంత ఉబ్బుతుందో, ఎంత కుంచించుకుపోతుందో అంతే చేస్తుంది. ప్లైవుడ్డులో లాగా ఒక పొర పీచుకు అడ్డంగా తరువాతి పొర పీచు ఉన్నప్పుడే ఒకదానిని మరొకటి పట్టి ఆపుతాయి, అది కూడా పొరలు పలుచగా ఉంటేనే.

లెక్క ఇలా ఉంటుంది. టేకులో తేమ ఒక శాతం మారితే, దుంగ వలయాల వెంట కోసిన పలక వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. మా ఊరిలో వానాకాలంలో చెక్కలో తేమ 16 శాతం దాకా చేరుతుంది. చలి దేశంలో హీటర్లు నడిచే ఇంట్లో అది 6 శాతానికి పడిపోతుంది. అంటే 100 మి.మీ. ఒంటి పలక దాదాపు 2 మి.మీ. తగ్గుతుంది. అదే 100 మి.మీ. వెండి, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు మారినా 0.04 మి.మీ. మాత్రమే మారుతుంది, తేమతో దానికి సంబంధమే లేదు. కింద నేల 2 మి.మీ. లాగుతుంటే పైనున్న వెండి కదలకపోతే, జిగురు తెగాలి, లేదా వెండి ఉబ్బాలి, లేదా చెక్క చీలాలి. జిగురు ఎంత గట్టిదైతే చీలడం అంత ఖాయం.

ఎండిన టేకు గురించి ఒక మాట. పాత చెక్క లోపలి ఒత్తిళ్ళు సర్దుకుని వంకర తిరగడం తగ్గుతుంది, నిజమే. గాలిలోని తేమను పీల్చడం, వదలడం మాత్రం మానదు. పాత ఇళ్ళ వాకిళ్ళు కూడా శ్రావణంలో బిగుసుకుంటూనే ఉంటాయి.

అందుకే మూత పలకను 0.8 మి.మీ. పొరలు ఐదింటిని ఒకదాని పీచుకు మరొకటి అడ్డంగా అతికించి చేశాను, పై పొర ఒక్కటే ఇరుగుడు, మిగతావి టేకు. దాని కదలిక చాలా తగ్గింది, అయినా సున్నా కాదు. నడిమధ్య ఒక్క చోటే పట్టు ఉండి, బిళ్ళ అంచు స్వేచ్ఛగా ఉంటే ఆ మిగిలిన కదలిక బిళ్ళను తాకదు.

గోడ విషయం వేరు. అక్కడ పీచు గోడ చుట్టూ తిరుగుతుంది. చెక్క పీచు పొడవునా దాదాపు మారదు కాబట్టి భరిణె చుట్టుకొలత వానాకాలంలో, వేసవిలో ఒకేలా ఉంటుంది, ఎత్తు మాత్రం కొద్దిగా మారుతుంది. వెండి పట్టీని అక్కడ బిగుతుగా తొడగగలగడానికి కారణం అదే. దుంగ తొలిచి చేసిన భరిణెకు ఇదే పట్టీ తొడిగితే వానాకాలంలో ఉబ్బి పట్టీ టంకం విడిపోతుంది, వేసవిలో వదులై కిందికి జారుతుంది.


షికాగో_నుంచి

పై లెక్కకు మా ఇంటిలోనే సాక్ష్యం ఉంది. కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో ఒక దుకాణంలో కొన్న నగల పెట్టె మూతపైన పలుచని వెండి రేకు అతికించి ఉంది. జనవరిలో ఇక్కడ బయట మంచు కురుస్తుంటే ఇంట్లో హీటరు రాత్రింబవళ్ళు నడుస్తుంది, గాలిలో తేమ 20, 25 శాతం మధ్యకు పడిపోతుంది. ఆ చలికాలంలో రేకు మధ్యభాగం వేలితో నొక్కితే టిక్కుమని లోపలికి వెళ్ళి, వదిలితే మళ్ళీ పైకి లేచేది. రేకు కింద జిగురు ఊడిపోయింది. వేసవిలో చూస్తే మళ్ళీ చదునుగానే కనబడింది, అయితే అంచున ఒక మూల లేచింది. చెక్క కుంచించుకుపోవడం వల్ల జరిగిందని అప్పుడు తెలియక, తయారీలోనే లోపం అనుకున్నాము.

అన్నయ్యా, మీరు చేయబోయే భరిణె ఇలాంటి ఇంటికే వస్తుంది కాబట్టి, మూత వానాకాలంలో సరిగ్గా కూర్చున్నా ఇక్కడ చలికాలంలో వదులైపోతుందా అన్నది కూడా చూడండి.


గోదారి_కొయ్యపని (రాజమహేంద్రవరం)

మీరు చెప్పింది చాలా ఉపయోగపడింది, చెల్లెమ్మా. మూత వలయం, గోడ, మూతను పట్టి ఉంచే లోపలి పెదవి, మూడింటిలోనూ పీచు చుట్టూనే తిరుగుతుంది కాబట్టి మూడింటి వ్యాసాలూ మారవు. మందంలో వచ్చే తేడా నాలుగు మిల్లీమీటర్లలో అతి స్వల్పం. పెదవికి, మూతకు మధ్య కాగితం మందమంత సందు ఉంచాను, అది సరిపోతుంది.


వెండితీగ (కరీంనగర్)

ఈ చర్చలో మా ఊరి పని ప్రస్తావన రావడం సంతోషంగా ఉంది. మా ఇంట్లో పెద్దలు ఈ పని చేసేవారు, నేనూ కొంత చేస్తాను, కాబట్టి బిళ్ళ వైపు నుంచి కొన్ని సంగతులు చెబుతాను.

మొదట వెండిని కరిగించి కడ్డీగా పోసి, సుత్తితో సాగదీసి, కమ్మచ్చు అనే ఉక్కు పలక రంధ్రాల గుండా ఒకదాని తరువాత ఒకటి లాగుతూ తీగగా సన్నం చేస్తాము. లాగే కొద్దీ తీగ గట్టిపడి తెగబోతుంది, అందుకని మధ్య మధ్యలో ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. ముతక తీగతో ఆకు, పువ్వు, తీవె బయటి చట్రం కడతాము. లోపల నింపే తీగ వేరు. రెండు సన్నని తీగలను మెలిపెట్టి, ఆ మెలికను నొక్కి చదును చేస్తాము. చదును చేసినప్పుడు అంచున చిన్న చిన్న పళ్ళలాంటి గరుకు ఏర్పడుతుంది. చట్రంలో నిలువుగా నిలబెట్టి చుట్టలు చుట్టినప్పుడు మెరుపు అక్కడి నుంచే వస్తుంది. దగ్గరగా చూసేవారు ఆ పళ్ళు సమంగా ఉన్నాయా, చుట్టలు చట్రాన్ని అన్నివైపులా తాకుతున్నాయా అన్నది చూడాలి. తాకని చుట్ట టంకం పట్టదు, కొన్నాళ్ళకు ఊగుతుంది.

చుట్టలన్నీ అమర్చాక వెలిగారం నీళ్ళు చిలికి, పొడిచేసిన టంకాన్ని చల్లి, మంట ఊదుతాము. టంకం కరిగే వేడికి, సన్నని తీగ కరిగే వేడికి మధ్య తేడా తక్కువ. ఒక్క క్షణం ఆలస్యమైతే పువ్వు ముద్దైపోతుంది. తరువాత పలుచని ఆమ్లంలో వేసి తెలుపు తెప్పించి, కుంకుడుకాయ రసంతో కుచ్చు పెట్టి రుద్దుతాము.

మేకు గురించి. తీగల అల్లికకు నేరుగా మేకు టంకం పెడితే బిగించినప్పుడు బరువంతా నాలుగైదు తీగల మీద పడి, అవి లోపలికి గుంటపడతాయి. మధ్య పువ్వు వెనుక పెద్ద బొట్టుబిళ్ళ అంత వెండి రేకు పెట్టి, మేకును దానికి టంకం పెట్టాలి. ఈ చివరి టంకం మిగతా టంకాల కంటే తక్కువ వేడికి కరిగేదై ఉండాలి, లేకపోతే ముందు పెట్టినవి విడిపోతాయి. మేకు వెండిది వద్దు. వెండి మరలు మెత్తన, నాలుగుసార్లు విప్పి బిగిస్తే అరిగిపోతాయి. ఇత్తడి మేకు మేలు.

ఇంకొక సంగతి మీరు చెప్పలేదు. ఒక్క మేకు మీదే ఉంటే బిళ్ళ కాలక్రమేణా తిరుగుతుంది, మూత తెరిచే వైపుకు పువ్వు సూటిగా ఉండదు. అంచుకు దగ్గరగా వెనుక ఒక చిన్న పుల్ల పెట్టించండి. దానికి మూతలో గుండ్రని రంధ్రం కాకుండా, మధ్య నుంచి అంచు దిశగా సాగిన పొడుగు రంధ్రం తీయండి. అప్పుడు తిరగడం ఆగుతుంది, చెక్క కదలడానికీ చోటు ఉంటుంది.


చేవకర్ర (నిర్మల్)

పొడుగు రంధ్రం సంగతి మాకు బల్లల పని ద్వారా తెలిసినదే. వెడల్పాటి బల్ల పలకను కింది చట్రానికి మరలతో బిగించేటప్పుడు అలాగే తీస్తాము. రేకు తాపడానికి చీలలు కొట్టినప్పుడు కూడా చీల రంధ్రాలు కొంచెం వదులుగా ఉండటం వల్లనే తలుపుల మీద అవి నిలుస్తున్నాయని ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తోంది. బిళ్ళకు ఎపాక్సీ వద్దన్న మాటతో ఏకీభవిస్తున్నాను. పొరల మధ్య మీరు ఏ జిగురు వాడారు?


గోదారి_కొయ్యపని (రాజమహేంద్రవరం)

పొరల మధ్య ఎపాక్సీయే వాడాను. తెల్లటి కొయ్య జిగురు చదునైన పనికి ఎంతో బాగుంటుంది, కానీ వంచిన పొరలు నిటారుగా కావాలని ఎప్పుడూ లాగుతూ ఉంటాయి. ఆ నిరంతరపు లాగుడుకు తెల్లజిగురు మెల్లగా సాగుతుంది, మూసి ఉన్న కారులోనో, ఎండలో నిలిచిన పార్సిల్ బండిలోనో వేడెక్కితే మరింత సాగుతుంది. ఇరుగుడులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి, అతికించడానికి కాస్త ముందు ఆ పట్టీలను అసిటోన్‌తో తుడిచాను. తుడిచిన గుడ్డ ఊదారంగుకు మారుతుంది. రంగు రావడం తగ్గేదాకా తుడవాలి, ఆరిన వెంటనే అతికించాలి.


వరాహ_తీరం (ఏటికొప్పాక దగ్గర)

అంకుడు పేరు చూసి ఆగాను. మా ప్రాంతంలో లక్క బొమ్మలకు వాడే చెక్క ఇదే. దీనితో చిక్కు రెండు విధాలు. చెట్టు సన్ననిది, అందువల్ల బజారులో వెనీర్‌గా, అంటే పలుచని చెక్క పొరగా, దొరకదు. నరికిన తరువాత త్వరగా ఆరబెట్టకపోతే బూజు పట్టి నీలి మచ్చలు లోపలిదాకా పాకుతాయి. మీ ఫొటోలో తెలుపు మచ్చ లేకుండా ఉంది. 0.6 మి.మీ. పట్టీలు ఎలా తీశారు? పైగా పక్కనే నల్లని ఇరుగుడు ఉండగా ఆ తెలుపు అంత శుభ్రంగా ఎలా నిలిచింది?


గోదారి_కొయ్యపని (రాజమహేంద్రవరం)

పట్టీలు నేనే కోసుకున్నాను. రెండు మిల్లీమీటర్ల మందంగా రంపంతో కోసి, తరువాత రుద్ది 0.6కు తెచ్చాను. రంపపు పొట్టుగా పోయినదే ఎక్కువ అని ఒప్పుకోవాలి. ఒక్కో పొరకు 350 మి.మీ. పట్టీ చాలు కాబట్టి సన్నని చెట్టుతోనే పని నడిచింది.

తెలుపు నిలవడం గురించి మీరు అడిగింది ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. పై అంచును ఉప్పుకాగితంతో రుద్దితే ఇరుగుడు పొడి అంకుడు రంధ్రాలలోకి దిగి, తెల్ల గీత బూడిదరంగుకు తిరుగుతుంది. ఒకసారి దిగితే ఊదినా, తుడిచినా రాదు. అందుకని అంచును ఉప్పుకాగితం ముట్టించకుండా, పదునైన ఉక్కు రేకుతో గీకి నున్న చేశాను. గీకినప్పుడు పొడికి బదులు పలుచని పొరలు లేస్తాయి, అవి రంధ్రాలలో చేరవు. గీకడం పూర్తయ్యాక స్పిరిట్‌లో కరిగించిన తెల్ల చపడాను (లక్కను) పలుచగా పూసి, అది ఆరిన తరువాతే చివరి రుద్దుడు చేశాను.

వెండి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పట్టీని చెక్క మీద ఉంచి ఆకురాయితో రుద్దితే వెండి పొడి తెల్ల చెక్కలో నల్ల చారలుగా దిగుతుంది. వెండి పని మొత్తం, టంకం, రుద్దుడు, మెరుగుతో సహా, చెక్కను తాకకముందే ముగియాలి. టంకం కరిగే వేడి 600 డిగ్రీల పైమాటే, చెక్క అందులో సగం వేడికే మాడుతుంది, కనుక ఎలాగూ వేరే దారి లేదు. పట్టీని ముందు చేసి, గోడను దానికి సరిపడేలా గీకి తగ్గించాను. చెక్కను తగ్గించడం సులభం, టంకం పెట్టిన వలయాన్ని మార్చడం కష్టం.


పొదుగుపని (హైదరాబాదు)

ఇంత ఏర్పాటు చేయడం కంటే వెండి తీగను నేరుగా చెక్కలో పొదగడం తేలిక కాదా అన్నది నా ప్రశ్న. ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురిలో శీశం చెక్కలో సన్నని గాడి చెక్కి, ఇత్తడి తీగను సుత్తితో కొట్టి దించుతారు. దానిని తార్‌కషీ అంటారు. ఒకప్పుడు పావుకోళ్ళ మీద ఈ పని చేసేవారు. మన బీదరు పనిలోనూ గాడిలో వెండిని కొట్టి దించడమే పద్ధతి.


గోదారి_కొయ్యపని (రాజమహేంద్రవరం)

బీదరు పనిలో నేల కూడా లోహమే, జస్తం (జింకు) ప్రధానంగా రాగి కలిపిన మిశ్రమం, కాబట్టి అక్కడ తేమ సమస్య లేదు. మైన్‌పురి పని చెక్క మీదే, అయినా నిలుస్తోంది. ఎందుకంటే అక్కడ తీగలు చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్క కింద చెక్క కదలిక వెంట్రుకవాసి కూడా ఉండదు. 80 మి.మీ. ఒకే బిళ్ళకు ఆ వెసులుబాటు లేదు. మీరు చెప్పిన పొదుగుడు గోడ మీద అందంగా ఉంటుంది, కానీ 0.6 మి.మీ. పై పొరలో గాడి తీస్తే కింది తెలుపు బయటపడుతుంది. దానికి పై పొర మందంగా ఉన్న వేరే భరిణె చేయాలి.


పొదుగుపని (హైదరాబాదు)

సరే, ఆ కారణం అంగీకరిస్తాను. ఒక చిన్న పక్కమాట. చెక్క పెట్టెపై మరొక పదార్థం తాపడం చేసే పనికి విశాఖపట్నం 18, 19 శతాబ్దాలలో పేరుపొందింది. చందనపు పెట్టెల మీద ఏనుగు దంతపు పలకలు తాపి, వాటిపై గీసిన నగిషీలో నల్లని లక్క నింపి, ఐరోపా వారికి అమ్మేవారు. వాటిలో కొన్నింటికి వెండి బందులు, తాళపు బిళ్ళలు ఉండేవి. నేడు దంతం వాడకం నిషిద్ధం, ఆ పనీ లేదు. కానీ ఆ పెట్టెల దంతపు పలకలలో కనిపించే చీలికలు చూస్తే, చెక్కతో మరొక పదార్థాన్ని గట్టిగా కట్టిపడేయడం వల్ల వచ్చే తంటా కొత్తది కాదని తెలుస్తుంది.


బెజవాడ_బేరం (విజయవాడ)

నలుపు తెలుపు బాగానే ఉన్నాయి గానీ, ఇరుగుడు బదులు ఎర్రచందనం వేస్తే వెండి పక్కన రంగు ఇంకా నిండుగా ఉండదా? అలాగే ఇలాంటిది ఒకటి చేయించుకోవాలంటే ఎంత అవుతుందో, వెండి నాణ్యత ఎలా తెలుసుకోవాలో కూడా చెప్పగలరు.


నిర్వాహకుడు

ఎర్రచందనం గురించి ఇక్కడ సలహాలు ఇవ్వవద్దని సభ్యులకు మనవి. శేషాచలం, వెలిగొండ ప్రాంతాలలో సహజంగా పెరిగే ఆ చెట్టు చెక్కను అటవీ శాఖ అనుమతి పత్రాలు లేకుండా దగ్గర ఉంచుకోవడం, తరలించడం నేరం. ఎగుమతిపై మరింత కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. ఇరుగుడు కూడా స్వేచ్ఛా సరుకేమీ కాదు. ఆ జాతి 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందపు (సైటీస్) రెండవ అనుబంధంలో ఉంది. 2019 నవంబరు నుంచి, 10 కిలోల లోపు చెక్క ఉన్న పూర్తయిన వస్తువులకు ఆ ఒప్పందంలో మినహాయింపు వచ్చింది కాబట్టి ఒక భరిణెకు ఇబ్బంది ఉండకూడదు, అయినా పంపే ముందు కొన్న చెక్క రసీదు దగ్గర ఉంచుకుని, కొరియరు వారిని అడగడం మంచిది. ధరల సంగతి అమ్మకాల విభాగంలో మాట్లాడుకోండి.


వెండితీగ (కరీంనగర్)

నాణ్యత వరకు నేను చెబుతాను. తీగపనికి వెండి బాగా మెత్తగా సాగాలి కాబట్టి కల్తీ ఎక్కువ ఉన్న వెండి కమ్మచ్చులోనే తెగిపోతుంది. తీగ వరకు నాణ్యత మంచిదే ఉంటుంది. కానీ ఈ పనిలో టంకాలు వందల్లో ఉంటాయి, టంకంలో వెండి తక్కువ. అందువల్ల పూర్తయిన వస్తువును మొత్తంగా పరీక్షిస్తే తీగ కంటే తక్కువ స్వచ్ఛత వస్తుంది. కొనేవారు తీగ స్వచ్ఛత ఎంత, పూర్తయిన వస్తువు స్వచ్ఛత ఎంత అని రెండూ అడగాలి, రసీదులో రాయించుకోవాలి. వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, అయినా అడిగి వేయించుకోవచ్చు. ముద్ర అల్లిక మీద పడదు. వెనుక మేకు కోసం పెట్టే రేకు దానికి సరైన చోటు.

కరీంనగర్ వెండి నగిషీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు చెప్పి అచ్చులో పోతపోసిన బిళ్ళలు కూడా అమ్ముతున్నారు. పోతబిళ్ళ వెనుక భాగం నిండుగా, మొద్దుగా ఉంటుంది. చేతిపనిలో వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ప్రతి చుట్టా విడిగా కనిపిస్తుంది.


సంరక్షణ_గది (హైదరాబాదు)

లక్కరు గురించి మొదట అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. పాత వస్తువుల సంరక్షణ నా వృత్తి.

తీగపని బిళ్ళకు లక్కరు వేయవద్దు. చదునైన రేకుపైన పూత సమంగా పరుచుకుంటుంది. మెలిపెట్టిన తీగల మధ్య సందులలో అది ఒకచోట గడ్డకట్టి, మరొకచోట అసలు అంటదు. అంటని చోట నలుపు మొదలై పూత కిందికి పాకుతుంది. అప్పుడు దానిని శుభ్రం చేయాలంటే ముందు పూత తీయాలి. ఆ సందులలోంచి దానిని పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం. అడుగు పట్టీ నున్ననిది కాబట్టి దానికి మాత్రం పలుచని మైనపు పూత వేయవచ్చు.

వెండి నల్లబడేది గాలిలోని గంధకపు సమ్మేళనాల వల్ల, పైన సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడి. కాబట్టి భరిణె లోపల గంధకం వదిలే వస్తువేదీ ఉండకూడదు. ఉన్ని ఫెల్టు, రబ్బరు, రబ్బరు ఆధారిత జిగురు, జంతు చర్మాలతో చేసే సరేసు, ఇవన్నీ వెండికి శత్రువులు. లోపల బట్ట వేయదలిస్తే రంగు వేయని నూలు గుడ్డ వాడండి. చాలామంది నగల పెట్టెలో రబ్బరు బ్యాండుతో పొట్లాలు కట్టి పెడతారు, ఆ బ్యాండు తాకిన చోట నల్లని గీత పడుతుంది.

బజారులో దొరికే ముంచి తీసే ద్రావకాలు ఈ పనికి పనికిరావు. అవి సందులలో మిగిలిపోయి తరువాత మచ్చలు తెస్తాయి. మెరుగు పేస్టు కూడా అంతే, ఎండి తెల్లగా గడ్డకడుతుంది. వెండితీగ గారు చెప్పిన కుంకుడు రసం, మెత్తటి కుచ్చు, తరువాత మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టడం చాలు. ఇదంతా చెక్క మీద ఉంచి చేయలేము. ఇక్కడే నట్టు ఏర్పాటు విలువ తెలుస్తుంది. చెక్క కదలిక కోసం మీరు పెట్టిన ఆ నట్టే, బిళ్ళను విప్పి కడగడానికి, తీగ ఊడితే కరీంనగర్ పంపి బాగుచేయించడానికి కూడా వీలు కల్పిస్తోంది. జిగురుతో అతికించిన వెండి పెట్టెలు నా దగ్గరకు వచ్చినప్పుడు, వెండిని కడిగితే చెక్క పాడవుతుంది, చెక్కను కాపాడితే వెండి నల్లగానే ఉంటుంది. ఆ పెట్టెలకు నేను చేయగలిగింది చాలా తక్కువ.

కాబట్టి నట్టును దాచండి గానీ తీసివేయవద్దు.


షికాగో_నుంచి

కుంకుడుకాయలు ఇక్కడ భారతీయ దుకాణాలలో దొరుకుతాయి, ఇబ్బంది లేదు. కానీ నట్టు విప్పడానికి పనిముట్టు అవసరమైతే ఇంట్లో ఎవరూ విప్పరు, నల్లగానే వదిలేస్తారు. చేత్తో విప్పగలిగేలా చేయగలరా?


గోదారి_కొయ్యపని (రాజమహేంద్రవరం)

చక్కటి సూచన. మూత లోపలి వైపు తరిమెన (లేత్) పట్టిన ఒక ఇరుగుడు బొడిపెను తయారుచేసి, దాని లోపల ఇత్తడి నట్టును పొదిగితే రెండు పనులూ అవుతాయి. నట్టు కనబడదు, చేత్తో తిప్పితే ఊడుతుంది. బొడిపె అంచున వేలికి పట్టు దొరికేలా సన్నని గాళ్ళు వేస్తాను. నట్టుకు, చెక్కకు మధ్య ఒక పలుచని నూలు గుడ్డ చక్రం పెడితే అతిగా బిగించినప్పుడు మధ్య పువ్వు మీద ఒత్తిడి కొంత తగ్గుతుంది. రబ్బరు వాషరు పెట్టాలనుకున్నాను, సంరక్షణ_గది గారి మాట తరువాత దానిని మానుకున్నాను.

వెండితీగ గారూ, రెండవ బిళ్ళ మీ దగ్గరే చేయించాలని ఉంది. వెనుక రేకు, ఇత్తడి మేకు, అంచు దగ్గర పుల్ల, మూడూ కావాలి. నమూనా ఎలా పంపమంటారు?


వెండితీగ (కరీంనగర్)

ఫోనులో తీసిన ఫొటో పంపవద్దు, కొలతలు తప్పుతాయి. మందపాటి కాగితం మీద అసలు కొలతకే గీసి తపాలాలో పంపండి. మేకు చోటు, పుల్ల చోటు సూదితో గుచ్చి చూపండి. మూత తెరిచే వైపు ఏదో తెలిసేలా బాణం గుర్తు పెట్టండి, లేకపోతే పుల్ల ఎదురువైపు వస్తుంది. మేకు పొడవు చెప్పేటప్పుడు మూత పలక మందం, గుడ్డ మందం, నట్టు మందం కలిపి చెప్పండి.


గోదారి_కొయ్యపని (రాజమహేంద్రవరం)

పలక 4 మి.మీ., గుడ్డ అర మి.మీ., బొడిపెలోని నట్టు 2 మి.మీ. కాబట్టి రేకు నుంచి మేకు 7 మి.మీ. ఉంటే సరిపోతుంది. పుల్ల 3 మి.మీ. చాలు, పలక దాటి లోపలికి రాకూడదు. కాగితం రేపటి తపాలాలో వేస్తాను. పలకలో పుల్ల కోసం తీసే పొడుగు రంధ్రాన్ని మాత్రం బిళ్ళ చేతికి వచ్చాక, దానిని పెట్టి చూసుకుని తీస్తాను.